ఒంటరి గులాబి మనవి

కేరళలో పాలా దగ్గర, ఆ చర్చి కిందికొచ్చే విచారణలో ఎలీశ్వ గొంతుకి ఎదురులేదు. జపమాల నెల అక్టోబరు వచ్చిందంటే గుడిలో మైకు పట్టుకుని జపమాల చెప్పించేది ఆవిడే. రోసిలీతో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నా, ఊరు మాత్రం వాళ్లని అక్కచెల్లెళ్ల బిడ్డలనుకుంటోంది. ఊరు తనకు తాను చెప్పుకున్న అబద్ధాన్ని సరిదిద్దడం ఎలీశ్వ పని కాదు.

అదే గొంతుతో ఆవిడ ఫోన్లో ఇంకో జపమాల నడిపేది. మాటలే తప్ప మొహాలు కనబడని గది అది. మగవాళ్లని ప్రేమించిన మగపిల్లలు, ఆడవాళ్లని ప్రేమించిన ఆడపిల్లలు, ఇంటి ప్రార్థనలో చాప మీద చోటు పోగొట్టుకున్నవాళ్లు మారుపేర్లతో చేరేవారు. కొత్తగా వచ్చినవాళ్లు మరియమ్మకి చెప్పుకునే మంగళవార్త జపాలు పది చెప్పించి, చివర తమ మనవి చెప్పుకోవాలి. దొంగచాటుగా వినిపోవడం కుదరదు.

ఈ సంగతి ఇట్టూప్ చెవిన పడింది. విచారణ నీతికి తానే కాపలా అనుకునే పెద్దమనిషి. అందులో మనవాళ్లెవరో తేల్చి ఆదివారం ఫాదర్ ముందు పెడతానని విచారణ వాట్సాప్‌లో ప్రకటించాడు. కింద బోలెడు దండాలు పడ్డాయి. ఎలీశ్వ కూడా ఒకటి పెట్టింది. పెట్టకపోతే అనుమానం.

గది మూసెయ్యమంది రోసిలీ. "గుడిలో ఆ మైకు లాక్కుంటే నువ్వు బతకలేవే."

"మూసేస్తే ఆ పిల్లలు సాయంత్రం ఎక్కడికి పోతారే?" అంది ఎలీశ్వ.

శుక్రవారం గదిలోకి 'ఒంటరి గులాబి' వచ్చింది. ఎలీశ్వ నియమం చెప్పింది. తర్వాత, పీక నొక్కిపెట్టినట్టు సన్నటి గొంతొకటి పది మంగళవార్తలూ తప్పు లేకుండా చెప్పించింది. ఇక మనవి. అక్కడ అలవాటు కొంప ముంచింది.

"మా కర్రపెండలం తోటలో అడవిపందులు పడకుండా కాపాడు తండ్రీ."

పెళ్లింట్లోనైనా చావింట్లోనైనా ఇట్టూప్ మనవి అదొక్కటే. విచారణ మొత్తానికీ కంఠతా వచ్చు. ఇదేమీ తెలియని పిల్లలు భక్తిగా, ఫోన్లు అదిరేలా ఆమెన్ అన్నారు. పందులు ఏ వైపు నుంచి వస్తాయని ఒకడు నిజంగానే అడిగాడు. రోసిలీ నోట్లో చెంగు కుక్కుకుంది.

"గులాబీ, కంచె కూడా వేసుకోవాలమ్మా," అంది ఎలీశ్వ. అనేశాక ఎలీశ్వ నవ్వు ఆగిపోయింది. ఇంతసేపూ విన్న ఆవిడ గొంతు ఇట్టూప్‌కి తెలియదా ఏం?

ఆదివారం పూజయ్యాక మెట్ల దగ్గర ఫాదర్ పేర్లేవని అడిగాడు. ఎలీశ్వ పక్కనే గొడుగు మూస్తూ నిలబడింది, మూసిన గొడుగునే మళ్లీ మళ్లీ మూస్తూ.

"మనవాళ్లెవరూ లేరు ఫాదర్," అన్నాడు ఇట్టూప్.

నీకెలా తెలుసు, లోపలికి వెళ్లావా అన్నాడు ఫాదర్. దూరం నుంచి విన్నానన్నాడు ఇట్టూప్. ఫోన్లో దూరమేమిటో ఫాదర్‌కి అర్థం కాలేదు, వెళ్లిపోయాడు.

ఇట్టూప్ గొంతు తగ్గించాడు. "ఎలీశ్వా, మా ఇంట్లో టీవీ సీరియల్ చూస్తూ ఆమెన్ అంటారు. అదీ నేను రెండుసార్లు దగ్గితే. మీ పిల్లలు బాగా అంటారు."

"ఏడింటికి రండి అన్నా. పేర్లు మాత్రం ఎవరివీ బయటికి రావు. గులాబీలవి కూడా."

"పందులు మళ్లీ వచ్చాయి," అన్నాడాయన నేల చూస్తూ. "ఈసారి ఇంకాస్త గట్టిగా అనమను."