కొమ్ముకోనాం పేరు అడుగుతూ

రాజమండ్రి నుంచి ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళిన రోజే, ద్వారకా నగర్‌లో ఒక మెస్సులో కొత్త చేప కూర తిన్నాను. పేరు కొమ్ముకోనాం అన్నారు. ఎందుకో ఆ మాట నాలుక మీదే ఉండిపోయింది. అర్థమేమిటని అడిగితే, వడ్డించే ఆయన "హార్బర్‌కెళ్ళి అడగండి సార్, ఆళ్ళకే తెలుస్తాది" అన్నాడు.

మర్నాడు నాలుగున్నరకే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కాను. ఫిషింగ్ హార్బర్‌కి పావుగంట, వంద రూపాయలు.

"సేపలకా సార్?" అన్నాడు డ్రైవరు.

"చేప పేరుకి" అన్నాను. అద్దంలో నన్నొకసారి చూసి బండి ముందుకి పోనిచ్చాడు.

దిగేసరికి ఇంకా చీకటే. పగలగొట్టిన ఐసు నుంచి లేచే ఆవిరిలో బోట్లు గాలిలో తేలుతున్నట్టున్నాయి. వేలంపాట కేకలు నీటి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ఒక బోటు పక్కన అప్పన్న అనే నడివయసు మనిషి వల సర్దుతుంటే అడిగాను.

"కోనాం అంటే మీ వంజరమే బాబూ. దానికి కొమ్ముంటే కొమ్ముకోనాం" అని నవ్వాడు.

"ఆ పేరు ఎవరు పెట్టారో?"

లుంగీ కాస్త పైకెత్తి చూపించాడు. మోకాలి పైన జానెడు మచ్చ. పోయినేడు గాలానికి పడ్డ కొమ్ముకోనాం ఎగిరి పొడిచిందట. ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నాడు. మళ్ళీ వేటకు వెళ్ళడం ఈ రోజే.

అన్నం క్యారేజీతో వచ్చిన ఆయన భార్య పోలమ్మ నా ప్రశ్న విన్నట్టుంది. "పేరెట్టినోడు ఒడ్డున కూకోని పెట్టుండడు బాబూ" అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "ఈసారికి మానీరాదా?" అంది.

"ఎన్నాళ్ళు మానీమంటావే? సముద్రం సూస్తే సెయ్యి వణుకుతంది. ఇంటికాడ కూకుంటే తగ్గదది."

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు నిలబడింది. ఆయన బోటెక్కాడు. తెలవారుతుండగా బోటు డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా వెళ్ళి, మెల్లగా వెలుగులో కలిసిపోయింది.

వచ్చే ముందు ఆమె నంబరు తీసుకున్నాను. పన్నెండో రోజు ఫోన్ చేస్తే గొంతు తగ్గించి, "వచ్చీసినాడు బాబూ. తొంగున్నాడు" అంది.

నిఘంటువు చూసుకుని ఉంటే 'కొమ్ము గల చేప' అని తెలుసుకుని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడా పేరు వింటే ముందు మూడు చేతులు కనిపిస్తాయి. మీరూ వెళ్తే ఐదులోపే చేరుకోండి. బోట్లు కదిలే చోట మాత్రం ఫోను జేబులోనే ఉంచండి, అక్కడ ఎవరో ఒకరు ఎవరినో సాగనంపుతూ ఉంటారు.