మంచులో పెరిగిన పాదం

ఆ వార్త నాకు మొదట చేరవేసింది మా వదిన, అంటే మా మామయ్య కూతురు. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. మొన్నొక ఉదయం సైనిక్‌పురి నుంచి ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "టీవీ పెట్టు వదినా, మా నాన్న అడుగులు చూపిస్తున్నారు," అంది. పొయ్యి మీద పప్పు దించి వచ్చి పెట్టాను. ఎక్కడో హిమాలయాల్లో, తెల్లటి మంచు మీద, ఒకదాని వెనక ఒకటిగా గుంటలు. మంచు మనిషి ఉన్నాడా లేడా అని కింద ఎర్ర అక్షరాల్లో ప్రశ్న. నలుగురు నాలుగు గళ్ళలో కూర్చుని వాదించుకుంటున్నారు. ఒకాయన ఎలుగుబంటి అంటాడు, ఒకావిడ ఇంకా ఎవరికీ చిక్కని వానరజాతి అంటుంది, ఇంకొకాయనకి నవ్వు ఆగడం లేదు. నేను సౌండు తీసేశాను. మాటలు పోయాక ఆ అడుగులు మరింత పెద్దవిగా కనిపించాయి. అవతల వదిన ఫోన్ పెట్టెయ్యలేదు. చెరో ఇంట్లో కూర్చుని ఇద్దరం ఒకే మంచు వైపు చూశాం.

ఆంధ్రప్రదేశ్ ఒక్కటిగా ఉన్న రోజులవి, ఇంటింటికీ టీవీలింకా రాలేదు. మేం మెట్టుగూడలో ఉండేవాళ్ళం. రైలు వెళ్ళినప్పుడల్లా అలమారులో గాజుగ్లాసులు గలగలమని మాట్లాడుకునే ఇల్లు. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిపంతులుగా స్థిరపడ్డారు. నాకు చిన్నప్పుడే వచ్చిన కీళ్ళజ్వరం గుండెని పట్టుకుందని, మెట్లెక్కొద్దని డాక్టరు గారు అన్నారట. బడి ఉన్నది మేడ మీద. అందుకని నా చదువంతా ఇంట్లో, అన్నం తినే బల్ల మీదే సాగింది. మిగతా పిల్లలు యూనిఫారాల్లో వెళ్తుంటే కిటికీ లోంచి చూసి ఏడ్చేదాన్నని అమ్మ చెప్పేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ జ్వరానికి కూడా దేవునికి స్తోత్రం చెప్పుకోవాలనిపిస్తుంది. అది రాకపోతే మా నాన్న నాకు అంతగా దొరికేవారు కారు. ఆయన పాఠంలో జవాబుల కన్నా ప్రశ్నలెక్కువ. అన్నిటి చివరా ఒకే ప్రశ్న: "సరే తల్లీ, నీకెలా తెలుసు?" భూమి గుండ్రంగా ఉందన్నా అదే, పక్కింటి పిల్లి పాలు తాగిందన్నా అదే.

ఆ ప్రశ్నకి ఇంట్లో లొంగని మనిషి ఒక్క మామయ్యే. అమ్మకి అన్న. మిలటరీలో చేసి వచ్చి, సైనిక్‌పురిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ప్రతి శనివారం స్కూటరు మీద మోండా మార్కెట్ చుట్టి, ముందు వైపు సంచినిండా కూరగాయలతో మా ఇంటికొచ్చేవారు. వీధి మలుపులోనే హారను కొట్టడం, అమ్మ లోపల్నుంచి "వచ్చాడు సైన్యాధిపతి" అనడం, రెండూ ఒకేసారి జరిగేవి. ఆయనా నాన్నా ఒకరినొకరు బావగారూ అనుకునేవారు. ఎంత గౌరవంగా బావగారూ అంటే అంత గట్టిగా తిట్టబోతున్నారని నాకు తెలుసు. భోజనాలయ్యాక మామయ్య చొక్కాజేబు లోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫొటో ఒకటి తీసేవారు. అంచులు అరిగిపోయిన ఆ ఫొటోలో తెలుపు, మధ్యలో నల్లటి గుంటలు. వెడల్పాటి పాదాలు, వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. ఆయన కొండల్లో పనిచేసినప్పుడు, ఏ మనిషీ వట్టి కాళ్ళతో నిలవలేని చోట, కళ్ళారా చూసిన అడుగులు. అవి మంచు మనిషివేనని ఆయన పట్టు. వెంట ఉన్న జవాను తన కెమెరాతో తీశాడట.

నాన్న కళ్ళజోడు పైకెత్తి ఆ ఫొటోని వారం వారం కొత్తగా చూసినట్టు చూసేవారు. "పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి తీసినా బాగుండేది బావగారూ. ఇది ఏనుగంతుందో ఎలుకంతుందో మాకెలా తెలుస్తుంది?"

"అక్కడ మేం ప్రాణాలరచేత పట్టుకునుంటే అగ్గిపెట్టె తోస్తుందా బావగారూ? మా సామాన్లు మోసే కొండమనిషి వాళ్ళ తాత దాన్ని ఎదురుగా చూశాడు. ఒళ్ళంతా వెంట్రుకలట."

"ఆ తాత చెప్పాడని మనవడు మీకు చెప్పాడు. మీరు మాకు చెప్తున్నారు. ఇంతమంది నోళ్ళు దాటొచ్చేసరికి ఏ కథకైనా వెంట్రుకలు మొలుస్తాయి."

పక్కింటి గార్డు గారు, రైల్వే ఆయన, శనివారం డ్యూటీ లేకపోతే ఈ వాదన వినడానికే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి గడప మీద కూర్చునేవారు. ఆయన ఎప్పుడూ మామయ్య పార్టీయే. "ఏంది సారూ, మిలట్రీ సాబును గంతగనం పరేషాన్ జేస్తున్నరు? గుట్టలల్ల ఏమేముంటయో మనకేం ఎర్క? మనం మెట్టుగూడ దాటి ఎన్నడన్న పోయినమా?" అనేవారు. రోజూ కాజీపేట దాకా బండితో పాటు పోయొచ్చే మనిషి ఆ మాటనడం విని అమ్మ వంటింట్లో నవ్వాపుకునేది.

ఒకసారి మాత్రం నవ్వులాట కాలేదు. మామయ్యకి కోపమొచ్చి, "చూడని దేవుణ్ణి నమ్ముతారు, నేను చూసిన అడుగుని నమ్మరా?" అన్నారు. నాన్న మెల్లగా ఫొటో తిరిగి కవరులో పెట్టి ఆయనకిచ్చి, "దేవుడు ఫొటో చూపించి నన్ను నమ్మమనలేదు బావగారూ. చూపించి నమ్మమన్నదాన్ని పరీక్ష చెయ్యడం మర్యాద," అన్నారు. ఈ ఒక్క సంగతిలో మామయ్య ఎందుకంత పంతంగా ఉండేవారో అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. ఏ ఆటలోనైనా ఓడిపోయి నవ్వేసే మనిషి, ఇందులో మాత్రం ఓడిపోవడానికి ఒప్పుకునేవారు కాదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు శనివారం నాన్న పరీక్ష పెట్టారు. అమ్మ కజ్జికాయలు చేస్తోంది, వెల్ల వేసిన గోడల వాసన ఇంకా పోలేదు. నాన్న పొద్దున్నే మోండా మార్కెట్‌లో చేపలవాళ్ళ దగ్గర ఐసు దిమ్మ కొని, రంపపు పొట్టులో పొర్లించి, గోనెసంచి చుట్టి రిక్షాలో తెచ్చారు. "పండక్కి జనం కేకు తెచ్చుకుంటారు," అంది అమ్మ. మామయ్యా గార్డు గారూ కూడా సరదాపడి సుత్తులు పట్టుకున్నారు. పగలగొట్టిన ఐసుని అమ్మ బట్టలు నానబెట్టే రేకుతొట్టిలో పోసి, గట్టిగా అదిమి చదును చేశారు. నన్ను రెండు చేతులా ఎత్తి, "ఒక్క అడుగు తల్లీ," అని నాన్న అందులో దించారు. చల్లదనం కాలిలోంచి పంటి దాకా పోయింది. పైకెత్తేసరికి నా కుడిపాదం అచ్చు చక్కగా, అయిదు వేళ్ళతో, పటంలా పడి ఉంది. మామయ్య వంగి చూసి, "మా కోడలు పిల్ల లక్ష్మీపాదం," అన్నారు. తర్వాత తొట్టిని పెరట్లో ఎండలో పెట్టి మేమందరం కజ్జికాయలు తినడానికి లోపలికి పోయాం.

తిరిగొచ్చేసరికి నా పాదం అక్కడ లేదు. ఎండ అంచుల్ని తినేసింది. మడమ వెడల్పయింది, చిటికెన వేలూ పక్క వేలూ కలిసిపోయి లావుపాటి ఒకే వేలయ్యాయి, బొటనవేలు పక్కకి సాగింది. నా చిన్న పాదం ఉన్న చోట ఏదో పెద్ద జంతువు నిలబడి వెళ్ళినట్టుంది. నేను ఇక్కడే ఉన్నాను, నా అడుగు మాత్రం నన్నొదిలి ఇంకేదో అయిపోయింది. ఈ వయసులోనూ స్నానాల గదిలో తడికాలి గుర్తు నేల మీద విస్తరించడం చూస్తే చూపు తిప్పుకుంటాను.

"అరె బాప్‌రే," అన్నారు గార్డు గారు. "సారు గెలిచిండు."

మామయ్య నవ్వలేదు. ఫొటో తీసి, తొట్టి పక్కన గొంతుక్కూచుని, ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూశారు. "మనిషి అడుగే అనుకుందాం బావగారూ. ఆ మంచులో బూట్లు లేకుండా ఎవడు నడుస్తాడు? చెప్పండి." గొంతు పందెం గొంతులా లేదు. నాన్న అది గమనించలేదు, పాఠం చెప్పే హుషారులో ఉన్నారు. "దానికీ జవాబుంది. నా పాత స్నేహితుడొక డాక్టరు చెప్పాడు. చలికి బిగుసుకుపోయే మనిషికి ఆఖర్న ఒళ్ళు మండిపోతున్నట్టుంటుందట. బట్టలూ బూట్లూ విప్పేసి నడుచుకుంటూ పోతారట."

మామయ్య అక్కడే, తడినేల మీద కూలబడ్డారు. ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. వాళ్ళ దళంలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే, ఈయనా, పాలమూరు కుర్రాడు ఇంకొకడూ. చపాతీలు తినలేక జొన్నరొట్టె కోసం ప్రాణం పెట్టేవాడట. బూట్లు బిగుతని సణుగుతూ, గుడారంలో అడుగు పెడితే ముందు బూట్లు పీకేసేవాడట. కొండ దిగుతుండగా మంచు తుఫాను పట్టుకుంది. దిగాక చూసుకుంటే వాడు లేడు. మర్నాడు ఎండ వచ్చాక మామయ్యా, కెమెరా జవానూ, కొండమనిషీ వెతకడానికి వెళ్ళారు. ఒక బండ దగ్గర మొదలై లోయలోకి దిగుతున్న ఆ అడుగులు కనిపించాయి. కొండమనిషి దణ్ణం పెట్టి కూర్చుండిపోయాడు, ఇది మనిషి దారి కాదన్నాడు. "వెనక్కి పోదామన్నది నేనే బావా," అన్నారు మామయ్య. అంతకాలంలో గారు లేకుండా పిలవడం అదే మొదలు. "రెండోవైపు సాయంత్రం దాకా వెతికాం. వాడు దొరకలేదు. అవి దానివి కాకపోతే, మరి ఎవరివి? నిజం చెప్పు. వాడివేనా?"

వంటింటి గుమ్మంలో అమ్మ నూనె చేతులతో నిలబడిపోయింది. గార్డు గారు తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నారు. మా నాన్న అబద్ధం ఆడగలిగితే ఆ రోజు ఆడి ఉండేవారు. ఆడలేదు. ఆయన కూడా మామయ్య పక్కన ఆ తడిలోనే కూర్చున్నారు. "తెలీదు బావా," అన్నారు. "ఈ తొట్టి చెప్పింది ఒక్కటే, అయుండొచ్చని. అయ్యాయని చెప్పలేదు. అది తెలిసినవాళ్ళెవరూ ఈ పెరట్లో లేరు." ఇద్దరూ అక్కడే ఉండగా ఐసు కరుగుతూ పోయింది. నా అడుగూ పోయింది.

ఆ రాత్రి మామయ్యని ఇంటికి వెళ్ళనివ్వలేదు. మా ఇంట్లో భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. నాన్న వరసగా అనారోగ్యంతో ఉన్నవాళ్ళని, పరీక్షలు రాసేవాళ్ళని, ప్రయాణంలో ఉన్నవాళ్ళని పేరు పేరునా తలుస్తారు. చనిపోయినవాళ్ళ కోసం మా వాళ్ళు ప్రార్థన చెయ్యరు. వాళ్ళు దేవుని చేతిలోకి వెళ్ళిపోయారు, మనం అడగడానికి ఇంకేమీ లేదని మా నమ్మకం. ఈ విషయంలో నాన్న ఎంత పట్టుదల మనిషంటే, తన తల్లి పోయిన రాత్రి కూడా ఆ పని చెయ్యలేదు. అలాంటి మనిషి ఆ రాత్రి ప్రయాణంలో ఉన్నవాళ్ళ దగ్గరకొచ్చి ఆగారు. ఆగి, కళ్ళు తెరవకుండానే, "బావా, ఆ అబ్బాయి పేరేమిటి?" అన్నారు. మామయ్య చెప్పారు. నాన్న ఆ పేరుని ప్రయాణంలో ఉన్నవాళ్ళలో చేర్చారు. తర్వాత అమ్మ మెల్లగా, "అలా చెయ్యొచ్చా?" అని అడిగింది. "పోయాడని చూసినవాళ్ళెవరున్నారు?" అన్నారు నాన్న. "చూసినవాళ్ళు లేనిదాన్ని నేను నమ్మను. వాడు దారిలోనే ఉన్నాడు." మామయ్య అప్పుడు ఏడ్చారు, పళ్ళెం ముందు, చప్పుడు చెయ్యకుండా.

ఆ తర్వాత ఆ ఫొటో నేను చూడలేదు. శనివారాలు ఆగలేదు, హారను ఆగలేదు, బావగారూ అని తిట్టుకోవడమూ ఆగలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా మంచు మనిషి కథ చెప్పమంటే మామయ్య ముందు వడ్డన సంగతి చూడమనేవారు. కానీ ఆయనకి మనశ్శాంతి దొరికిందని మాత్రం రాయలేను. మా చర్చిలో చెప్పులు బయట వసారాలో విప్పి లోపలికి వెళ్తాం. ఆరాధన అయ్యాక మామయ్య అందరికన్నా ముందు బయటికొచ్చి ఆ చెప్పుల దగ్గర నిలబడేవారు. ఒక్కొక్క జతా దాని మనిషితో వెళ్ళిపోవడం చూసేవారు. ఏదైనా ఒక జత మిగిలిపోతే, లోపల ఎవరో పాస్టరు గారితో మాట్లాడుతున్నారని తెలిసినా, ఆ మనిషి వచ్చి తొడుక్కునే దాకా ఆయన కదిలేవారు కాదు. మేం స్కూటరు దగ్గర ఎండలో నిలబడి ఎదురు చూసేవాళ్ళం. ఎవరమూ తొందరపెట్టేవాళ్ళం కాదు.

నాన్న వెళ్ళిపోయారు, తర్వాత మామయ్య. నాకు వాళ్ళిద్దర్నీ ఇచ్చినందుకు, ఒకరు అడగడం నేర్పినందుకు, ఒకరు ఆగడం నేర్పినందుకు దేవునికి వందనాలు. ఆ కుర్రాడి పేరు ఇప్పుడు వదిన ఇంట్లో, నా ఇంట్లో ప్రార్థనల్లో మిగిలింది. మొన్న టీవీ కట్టేశాక ఫోన్లోనే ఇద్దరం తలుచుకున్నాం. కొండల్లో ఆ ప్రాణి ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే బాగుండునని మామయ్య కోసం కోరుకుంటాను, లేకపోతే ఆ కుర్రాడి కోసం భయపడతాను. మేమందరం ముసలివాళ్ళమయ్యాం, అతను మాత్రం మా ప్రార్థనలో ఇరవయ్యేళ్ళవాడిగానే నడుస్తున్నాడు. కాలం మా మీదుగా పోయింది, అతని దగ్గరికి ఇంకా చేరలేదు. అతని పేరు ఇక్కడ రాయను, ఇంటివాళ్ళెవరో ఎక్కడున్నారో. పాలమూరు అబ్బాయి అంటే చాలు. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ప్రయాణంలో ఉన్న మీ వాళ్ళని తలుచుకునే వేళ, చివర్న అతన్ని కూడా ఒక్కసారి తలుచుకోండి.