అప్పజెప్పిన చూపు

మా వదినకి చదువు చెప్పిన గైడుని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ముందు వదిన సంగతి చెప్పి, తరవాత ఆయన దగ్గరికి వస్తాను.

మాది కళ్ళద్దాల షాపు. ముందుగదిలో వదిన కళ్ళు పరీక్ష చేస్తుంది. వెనకగదిలో నేను అద్దాలను ఫ్రేములకు సరిపోయేలా అరగదీస్తాను. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. ‘ఇది బాగుందా, అది బాగుందా? మరోసారి చూడండి’ అంటూ ఒక్కొక్కరినీ అరగంట కూర్చోబెడుతుందని జనం వదినకి ‘మరోసారి మేడమ్’ అని పేరు పెట్టారు.

“మా అన్నయ్యని కూడా పెళ్ళికి ముందు మరోసారి చూసుకోవాల్సింది వదినా” అని నేను ఏడిపిస్తే, “ఒంటికన్నుతో చూశాను కదయ్యా, సగమే కనిపించాడు. ఆ సగం బానే ఉన్నాడు” అనేది.

ఒంటికన్ను అన్నది ఉత్త మాట కాదు. ఆవిడ ఎడమ కన్ను పేరుకే ఉంది. ఆరేళ్ళప్పుడు బడిలో పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి చార్టు చదివించారు. ముందున్నవాళ్ళు గట్టిగా చదువుతుంటే విని, తన వంతు రాగానే ఈవిడ గడగడా అప్పజెప్పేసింది. ‘చూపు ఫుల్’ అని రాసి పంపించారు. అసలు సంగతి పద్నాలుగో ఏట బయటపడింది. అప్పటికి మంచి కంటికి పట్టీ కట్టి, రెండోదాన్ని పనిలో పెట్టే వయసు దాటిపోయింది. పుస్తకాల్లో దీన్ని బద్ధకపు కన్ను అంటారట. ఆ పరీక్ష పెట్టినవాడి బద్ధకానికి మాత్రం ఏ పుస్తకంలోనూ పేరు లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో వదిన దృష్టిశాస్త్రంలో పీజీలో చేరింది. ఇంట్లో చదువు సాగక, ఆదివారాలు అన్నయ్య బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ చదివింది. క్లాసులో పిల్లలు ఆంటీ అని నవ్వినా పట్టించుకోలేదు.

థీసిస్ కోసం గైడు ఆవిడని ఒక బడికి పంపాడు. ఆ బడిలో పిల్లల చూపు భేషుగ్గా ఉందని ఆయన ఏటా సర్వేలో రాస్తున్నాడు. వదిన వెళ్ళి చూస్తే, ఆయన చార్టు తొమ్మిదేళ్ళుగా నడవాలోనే వేలాడుతోంది. పిల్లలు దాని ముందు నుంచే అన్నాలకి వెళ్తారు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వేరే అక్షరాలతో కొత్త చార్టు తయారుచేసింది, నేను దాన్ని అట్టకి అంటించి ఇచ్చాను. తలుపు మూసి, ఒక్కొక్కరినే పిలిచి చూసింది. రెండువందల పన్నెండు మందిలో నలభై ఒక్కమందికి ఒక కన్ను సరిగ్గా లేదు. వాళ్ళందరి కాగితాల మీదా ‘ఫుల్’ అనే ఉంది.

గైడు ఆ లెక్కలు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

“ఈ అధ్యాయం తీసెయ్యండి. నా పెద్ద నివేదిక వచ్చే ఏడు బయటికొస్తుంది. ఆ తరవాత చూద్దాం.”

“సార్, ఆ పిల్లలకి ఆరేడేళ్ళు. ఆలస్యమైన కొద్దీ కన్ను దారికి రాదు.”

“నేను సంతకం పెడితేనే మీకు డిగ్రీ. అది గుర్తుపెట్టుకోండి.”

వదిన ఆ జాబితా పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది. “ఫుల్ అని యూనివర్సిటీ ఇచ్చిన కాగితం నా దగ్గర ఉందమ్మా. కాదని మరో కాగితం తెస్తేనే తల్లిదండ్రులకి చెప్పగలను” అందావిడ.

అప్పుడు నేనో తెలివితక్కువ మాట అన్నాను. “తీసెయ్యి వదినా. ముందు డిగ్రీ చేతికి రానీ.”

“నువ్వేనా ఈ మాట అనేది? నా కన్ను చూస్తూ కూడానా?” అంది. రెండు రోజులు ఫ్రేములు నా చేతికివ్వకుండా, గదుల మధ్య కిటికీలోంచి నెట్టి వెళ్ళిపోయేది. గైడు మీద ఎంత కోపమో, నా మీద నాకు అంత కోపం.

అధ్యాయం తీయలేదు. అయినా గైడు ఆవిడని మౌఖిక పరీక్షకి రానిచ్చాడు, బయటి నుంచి వచ్చే పరీక్షకురాలి ముందు తడబడితే చాలనుకున్నాడు. చార్టులు మోసుకుని నేనూ వెళ్ళాను.

“పిల్లలు కొత్త చార్టు చూసి బెదిరిపోయి ఉంటారు. కనిపించకుండా నా చార్టు చివరి వరస దాకా ఎవరైనా ఎలా చదువుతారు?” అన్నాడు గైడు.

“సార్, నా ఎడమ కన్ను పరీక్షించండి” అంది వదిన.

గోడకి ఆయన చార్టే ఉంది. ఆవిడ గది చివర నిలబడి కుడి కన్ను మూసుకుంది. పై అక్షరం నుంచి చివరి వరస దాకా ఆగకుండా చదివింది. గైడు కాగితం మీద ఏదో గీసి, “ఫుల్. ఇందులో ఏముంది?” అన్నాడు.

వదిన నాకు సైగ చేసింది. నేను ఆ చార్టు తీసి మాది తగిలించాను. ఆవిడ కుడి కన్ను మీద నుంచి చెయ్యి తీయలేదు.

“పై అక్షరం ఒక్కటే కనిపిస్తోంది సార్. కింద అంతా మసక. ఇందాకటిది నేను చూడలేదు, అప్పజెప్పాను. ఆరేళ్ళప్పుడు కూడా ఇలాగే అప్పజెప్పాను. అప్పుడూ మీలాంటి ఆయనే ఫుల్ అని రాశాడు.”

పరీక్షకురాలు గైడు ముందున్న కాగితం లాక్కుని చూసింది. ఆ సాయంత్రమే, ఆ ‘ఫుల్’ లెక్క చెల్లదని హెడ్‌మిస్ట్రెస్‌కి తనే ఉత్తరం రాసిచ్చింది.

నలభై ఒక్కమందినీ పిలిపించారు. గైడు మాత్రం సంతకం పెట్టలేదు. అక్కడ మార్చండి, ఇక్కడ మార్చండి అంటూ ఏడు నెలలుగా తిప్పుతున్నాడు. వెళ్ళి నాలుగు దులిపి వస్తానని నేను పళ్ళు నూరితే, “ముందు ఆ పిల్లల అద్దాలు పూర్తి చెయ్యి” అంటుంది వదిన.

మొన్న వాళ్ళలో ఒక పాప మా షాపుకి వచ్చింది. మంచి కంటికి పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుని, గోడమీది చార్టు చూసి బిక్కముఖం వేసింది.

“ఆంటీ, ఇది మా బళ్ళోది కాదు. ఇది నాకు రాదు.”

“రాకపోతేనే మంచిదమ్మా” అంది వదిన. “నీకు కనిపించేది చెప్పు.”