నెమరు ఆగిన మధ్యాహ్నం

ఆవిడకు పచ్చినీళ్ళంటే నమ్మకం లేదు. గ్లాసులు, గుడ్డలు, ఆఖరికి తాళంచెవులు కూడా మరిగించేది. అందుకే వీధిలో అంతా వేడినీళ్ళక్క అనేవారు. ఒక్కగానొక్క కొడుకు చెడ్డనీళ్ళు తాగి జబ్బుపడి పోయాడు. ఆ అలవాటు అప్పుడు పట్టుకుంది, ఇక వదల్లేదు. సంగతి తెలిసినవాళ్ళు ఆ పేరుతో పిలిచేవారు గాని నవ్వేవారు కాదు.

భర్త కూడా పోయాక తమ్ముడి పంచన చేరింది. ఊరికే కూర్చుని తినే మనిషి కాదు కనుక, వచ్చిన మూడోనాడే ముప్ఫైరెండు గొర్రెల మేత పని తన చేతిలోకి లాక్కుంది. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్న చోటు అదొక్కటే. మధ్యాహ్నం మేతయ్యాక షెడ్డు గడప మీద కూర్చుని, అవి నెమరు వేస్తుంటే వినేది. ఆ చప్పుడు వింటే తనకే కడుపు నిండినట్టుండేదట.

ఆ ఏడు తమ్ముడికి తొందర పుట్టింది. గొర్రెలు త్వరగా ఒళ్ళు చేయాలని గడ్డి తగ్గించి మేతలో మొక్కజొన్న గింజ పెంచబోయాడు. పశువుల డాక్టరు అరుగుదలకు ప్రోబయోటిక్ పొడి ఇచ్చి, గింజ మాత్రం రెండు వారాల మీద మెల్లగా పెంచమన్నాడు. లేకపోతే కడుపు పులిసి పడిపోతాయని హెచ్చరించాడు కూడా. తమ్ముడి చెవికి పొడి సంగతి ఎక్కింది, మెల్లగా అన్నది ఎక్కలేదు. డబ్బా అక్క చేతిలో పెట్టి, నీళ్ళలో కలిపి మేత మీద చల్లమన్నాడు. ఏ నీళ్ళో తమ్ముడు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. నీళ్ళంటే ఆవిడకు ఒకటే రకం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గడప మీద కూర్చుంటే ఏదో వెలితిగా అనిపించింది. కాసేపటికి గాని తెలియలేదు, చప్పుడు లేదని. గొర్రెలన్నీ పడుకునే ఉన్నాయి. దవడలు ఆడటం లేదు. మూలనున్న బొల్లి గొర్రె పళ్ళు కొరుకుతోంది. దాని ఎడమ డొక్క మీద చెయ్యి వేస్తే లోపల నీళ్ళు గుడగుడమన్నాయి, నోటి దగ్గర పుల్లటి వాసన కొట్టింది. ఆవిడ తమ్ముణ్ణి కేకేసి డాక్టరు కోసం పరుగెత్తించింది.

డాక్టరు వచ్చి ఒక్కొక్కదానికీ సీసాతో మందు పట్టిస్తూ, పొడి ఎలా కలుపుతున్నారని అడిగాడు.

"ఒక్క పూట మానలేదు బాబూ. నీళ్ళు తెర్లబెట్టి, ఆ పొగల్లోనే కలుపుతున్నా."

ఆయన చెయ్యి ఆగింది. "అందులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులు పెద్దమ్మా. మరిగే నీళ్ళలో ఒక్కటి కూడా మిగలదు."

తర్వాత గింజ ఎంత పెడుతున్నారని తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. పొడి బతికున్నా అంత గింజకు ఆగేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ చెవిన పడలేదు. ఇన్నేళ్ళూ ఏ ప్రాణం మీదికీ రాకూడదని మరిగించింది. ఇప్పుడు ఆ మరిగించిన నీళ్ళే చంపుతున్నాయని ఆవిడకు అనిపించింది.

పొద్దు వాలేసరికి బొల్లి గొర్రె పోయింది. మరో నాలుగు తల ఎత్తడం లేదు. తమ్ముడు కుళాయి కింద గ్లాసు పట్టి తెచ్చి, "తాగక్కా" అన్నాడు.

ఆవిడ అందుకుంది. ఎక్కడి నీళ్ళని అడగకుండా గటగటా తాగేసి, మళ్ళీ షెడ్డు వైపు చెవి పెట్టింది. ఇంకా చప్పుడు లేదు.