నాయన ఏరిన స్కోపు

నా మొదటి రైఫిల్‌ను ఏరింది మా నాయన. ధర్మవరంలో నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసిన మనిషికి రైఫిళ్ళ గురించి ఏం తెలుసని అడగొద్దు. నాకూ అంతే తెలుసు. నేను ఎలిమెంటరీ బడిలో టీచర్ని. ఊరి బయట మూతపడిన షెడ్డులో ఒక రిటైర్డు సుబేదారు గాలి రైఫిల్‌తో గురి నేర్పిస్తున్నాడంటే, తోటి టీచర్లతో కలిసి ఒక ఆదివారం వేడుక చూడ్డానికి పోయాను. ఇచ్చిన ఐదు గుండ్లలో నాలుగు నల్లచుక్కలోనే పడ్డాయి. ఇంటికొచ్చి చెబితే నాయన మగ్గం ఆపి, "ఆ కండ్లు యాడివి మరి? నావి కదా," అన్నాడు. అమ్మ నవ్వలేదు. అది నేను తరువాత ఎన్నోసార్లు తలచుకున్నాను.

సొంత రైఫిల్ ఉంటేనే చెయ్యి కుదురుతుందని సుబేదారు అన్నాడు. నాకు పోటీల ఆశ లేదు. పది మీటర్ల పోటీల్లో స్కోపు, అదే గురి చూసేందుకు పైన బిగించే దుర్భిణి, ఒప్పుకోరు కూడా. మా షెడ్డులో పాతిక మీటర్ల దూరాన కాగితాన్ని కొట్టడమే నా సరదా కాబట్టి, స్కోపు బిగించిన గాలి రైఫిల్ చాలు. నాయన తానూ వస్తానన్నాడు. పొద్దుటి రైలుకు బెంగళూరు పోయాం.

అక్కడి తుపాకుల అంగడాయన మూడు రైఫిళ్ళు బల్ల మీద పెట్టాడు. నా కన్ను నల్లగా నిగనిగలాడే దాని మీద పడింది. నాయన దాన్ని ఎత్తి చూసి, "బరువంతా ముందరే ఉండాది పాపా. కొంచేపు పట్టుకుంటే నీ చెయ్యి వణుకుతాది," అని పక్కన పెట్టాడు. గొట్టాన్ని కిందికి వంచి లోపలి స్ప్రింగును బిగించే రకంలో, కొయ్య పిడి ఉన్నదొకటి భుజానికి ఆనించి, దించి, మళ్ళీ ఆనించి, కొయ్య మీద బొటనవేలు నడిపాడు. నేసేవాళ్ళు చీర నాణ్యాన్ని కూడా అట్లాగే చూస్తారు. "ఇది," అన్నాడు. మొదటిసారి కొనేవాళ్ళకు అదే మంచిదని అంగడాయన తలూపాడు.

స్కోపు మాత్రం తొమ్మిది రెట్లు పెద్దగా చూపించేది కావాలని నేను పట్టుబట్టాను. "ఈ రైఫిల్లో స్ప్రింగుంటుందమ్మా. పేలినప్పుడల్లా ముందుకీ వెనక్కీ తంతుంది. ఆ తన్నుకు నాజూకు స్కోపులు నిలవవు. నాలుగు రెట్లది, గట్టిది తీసుకోండి," అన్నాడాయన. అది నాయన చేతికిచ్చి, కంటి వైపున్న రింగు తిప్పితే లోపలి అడ్డగీత, నిలువుగీత తేటపడతాయని చూపించాడు. నాయన తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఆగేంతవరకూ తిప్పి, వీధి అవతలికి చూస్తూ నిలబడిపోయాడు.

"రెండు పోగులూ తేటగా ఉండాయి," అన్నాడు. కాసేపటికి, "ఆ మిద్దె మీద పావురం చూడు పాపా. కాళ్ళు ఎర్రగా ఉండాయి," అన్నాడు. పెద్దాయన చిన్నపిల్లాడైపోయాడని అంగడాయనా నేనూ నవ్వుకున్నాం. స్కోపు దించడానికి ఆయనకు మనసు రాలేదు. రైలు టైమవుతోందని నేనే విసుక్కున్నాను.

నేతగాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగ్గంలో ఎవరు కూర్చుంటే వాళ్ళ ఒంటికి తగ్గట్టు, కాలితో తొక్కే కర్రల ఎత్తు దగ్గర్నుంచి పడుగు బిగువు దాకా సరిచేసుకుంటారు. పెద్దవాళ్ళు లేచి, "ఇంక నీకు సరిచేసుకో" అనేదాకా ఇంకొకరు దాన్ని ముట్టరు. రైల్లో నాయన రైఫిల్ సంచీ మీద చెయ్యేసి, "అంతా సరిచేసినా. ఇంక ముట్టద్దు," అన్నాడు. నేను ముట్టలేదు. ఆ రింగు ఎవరి కంటికి వాళ్ళు తిప్పుకోవలసిందని నాకు తట్టనే లేదు.

మొదటి ఆదివారం సుబేదారు ఊళ్ళో లేడు. స్కోపులో గీతలు అలుక్కుపోయి కనిపించాయి, వాటి వెనక కాగితం ఇంకా మసక. కళ్ళు చికిలించి చికిలించి తలనొప్పి వచ్చింది గానీ ఒక్క గుండూ చుక్కలో పడలేదు. స్కోపు బాగాలేదంటే, ఆడలేక మద్దెల ఓడని తోటి టీచర్లు ఎగతాళి చేశారు. ఆ ఉక్రోషమంతా ఇంటికి మోసుకొచ్చాను.

నాయన మగ్గంలో ఉన్నాడు. పక్కనే అమ్మ కూర్చుని, అంచు దగ్గర తెగిన పోగులు వెతికి అతుకుతోంది. ఏడాదిగా ఆమె అట్లా పక్కన కూర్చుంటోంది. ఆయనకు బద్ధకం పెరిగిందనుకునేదాన్ని.

"గుడ్డోడు ఏరినట్టు ఏరినావు నాయనా," అన్నాను.

మగ్గం ఆగింది. "నాకు బాగనే కనపడె కదమ్మా," అని మాత్రం అన్నాడు. అమ్మ చేతిలో పోగు అట్లాగే ఉండిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

మరుసటి ఆదివారం సుబేదారు స్కోపులోకి ఒక్కసారి చూసి, రింగు వెనక్కి తిప్పసాగాడు. "ఇది ఎవరి కంటికి పెట్టింది?" అన్నాడు. నాయన కంటికని చెప్పాను. "కొసదాకా తిప్పినాడు. ఇంత తిప్పితే గానీ కనపడలేదంటే, ఆయన్ని డాక్టరుకు చూపించమ్మా," అన్నాడు. స్కోపు నాకిచ్చాడు. గీతలు సన్నగా, నల్లగా, దారం లాగినట్టున్నాయి. కాగితం మీది నా పాత తప్పులన్నీ కనిపించాయి. ఆ రోజు ఒక్క గుండూ కాల్చకుండా ఇంటికి వచ్చేశాను.

అనంతపురం డాక్టరు చాలాసేపు చూశాడు. కంటి నరం ఎండిపోతోందని, ముందు పక్కలు పోతాయని, తరువాత నడిమి చూపు కూడా పోతుందని చెప్పాడు. చుక్కల మందు ఉన్నదాన్ని కొన్నాళ్ళు నిలబెడుతుందట, పోయింది మాత్రం రాదట. రెండేళ్ళ ముందు తీసుకొచ్చి ఉండాల్సిందన్నాడు. బస్సులో, ఎందుకు చెప్పలేదు నాయనా అని అడిగాను. "చెప్తే మగ్గం దిగమంటారు కదా," అన్నాడు. అమ్మ కిటికీలోంచి ఎండిన శెనక్కాయ చేలను చూస్తూ కూర్చుంది. ఆమెకు తెలుసు. ఏడాదిగా అంచులకు ఆమే కన్ను. తెలియనిది నాకే. ఎదురుగా చూసి గురి పెట్టేదాన్ని, పక్కనున్న మనిషిని చూడలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మూడు నెలలకు ఆయన మగ్గం దిగాడు. అద్దాలు రాయించాం గానీ ఆయనకు స్కోపే ఇష్టం. విప్పి బిగించిన ప్రతిసారీ గురి మారిపోతుందని తెలిసీ, ఆదివారం సాయంత్రం దాన్ని రైఫిల్ నుంచి విప్పి ఇచ్చేదాన్ని. మా వీధి చివర నుంచి గుట్ట కనిపిస్తుంది. అరుగు మీద కూర్చుని రింగు కొసదాకా తిప్పుకుని, గుట్ట మీద మేసే గొర్రెలను చూసేవాడు. కుంటిదొకటి ఉందని, ఈ వారం వెనకబడిందని చెప్పేవాడు. మళ్ళీ సోమవారం నేను రింగు నా కంటికి తిప్పుకుని, రైఫిల్‌కు బిగించి, మొదట్నుంచీ గురి సరిచేసుకునేదాన్ని.

పోయిన ఆదివారం కూడా స్కోపు ఇచ్చాను. కొసదాకా తిప్పాడు. కంటికి పెట్టుకుని అటూ ఇటూ జరిపాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరువాత వేళ్ళతో తడుముతూ రింగును మెల్లగా వెనక్కి తిప్పి, నా వైపు చాచాడు.

"ఇంక నీ కంటికి సరిచేసుకో పాపా," అన్నాడు.

నేను స్కోపు తీసుకున్నాను. "గొర్లు ఉండాయా ఆడ?" అని అడిగాడు.

స్కోపు కంటికి పెట్టుకోకుండానే, "ఉండాయి నాయనా," అన్నాను.

"కుంటిది?"

"అదీ ఉండాది."