వదినగారి కుర్చీకి నేను కట్టిన రబ్బరు ముక్క

మా వదినగారు మేడమెట్లు దిగి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ మా ఆయనకు అక్క. కీళ్లవాతంతో మోకాళ్లు బిగుసుకుపోయాయి, చేతివేళ్లు కొంకర్లు తిరిగాయి. తెనాలిలో మేం ఉండేది మేడమీద. సాయంత్రం వీధరుగు మీద చేరే ఆడవాళ్ల మాటలు ఆవిడ పిట్టగోడ పక్కన కూర్చుని వినేవారు. "సగమే వినిపిస్తాయే అమ్మాయ్. ఎవరి కోడలో తెలుస్తుంది, ఏం చేసిందో తెలీదు," అని విసుక్కునేవారు.

బాపట్లలో ఒకరింట్లో వాడకం మానేసిన మెట్ల లిఫ్టు ఉందని తెలిసి తెప్పించాం. లిఫ్టంటే గదిలాంటిది కాదు. మెట్ల పొడుగునా ఒక ఇనుప పట్టా, దాని మీద మెల్లగా జారే కుర్చీ. రేపల్లెలో మరపడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్ వచ్చి బిగించాడు. కుర్చీ చేతి మీద చిన్న మీట ఉంది. దాన్ని ఒకవైపు వంచి పట్టుకున్నంతసేపే కుర్చీ కదులుతుంది, వదిలితే ఆగుతుంది.

వదినగారి వేళ్లకు ఆ మీట నిలవలేదు. మెట్టు దిగేలోపే జారిపోయేది.

"పెద్దమ్మ చేతికి తగ్గట్టు వేరేది చేసి తెస్తానక్కా. వారం ఆగండి. అప్పటిదాకా ఎక్కించొద్దు," అని చెప్పి మెకానిక్ వెళ్లాడు.

నేను ఆగలేదు.

బడి చదువు నాకు పదో తరగతితో సరి. తర్వాత నేర్చుకున్నదంతా మా ఊరి గ్రంథాలయంలోనే. కరెంటు మోటార్ల గురించి అక్కడున్న అట్ట ఊడిన పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. పట్టా చివర ఒక స్విచ్ ఉంటుందని, అక్కడికి చేరగానే కుర్చీ దానంతటదే ఆగుతుందని అర్థమైంది. అందులో తప్పేమీ లేదు. ఎలాగూ ఆగేదానికి మీట పట్టుకోవడం దేనికి అనుకున్నాను. సైకిల్ ట్యూబు ముక్కతో మీటను దిగే వైపు వంచి కట్టి, ఖాళీ కుర్చీని మూడుసార్లు దింపాను. మూడుసార్లూ కింద బుద్ధిగా ఆగింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే. ఆవిణ్ణి కూర్చోబెట్టి, నడుముకు బెల్టు పెట్టి, రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

"ఏంటే, కోడికాళ్లు కట్టినట్టు కడుతున్నావు?"

"మీరేం పట్టుకోనక్కర్లేదండి వదినగారూ. పుస్తకంలో చదివే చేస్తున్నా."

"అయితే ఆ పుస్తకాన్ని ముందు దింపి చూడవే."

నవ్వుతూనే ముడి బిగించాను. కుర్చీ కదిలింది. ఇరుకు మెట్లు కావడంతో నేను పైనే నిలబడ్డాను. ఆరు మెట్లు బాగానే దిగింది.

ఖాళీ కుర్చీకి చీర ఉండదు. ఆ సంగతి నాకు తట్టనేలేదు.

ఏడో మెట్టు దగ్గర కుచ్చిళ్లు పట్టాకూ కుర్చీకీ మధ్యకు వెళ్లాయి. కాళ్ల కింది పలకకు గట్టి వస్తువు తగిలితే కుర్చీ ఆగేది. మెత్తటి గుడ్డను అది పట్టించుకోలేదు. చీరాల నేత, చిరగలేదు కూడా. చీర ఆవిణ్ణి ముందుకు లాగుతోంది, బెల్టు పొట్టలోకి దిగుతోంది.

"అమ్మాయ్, చీర! ఆపవే!"

పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాను. హాల్లో ఫ్యాను నెమ్మదించింది. కుర్చీ మాత్రం వెళుతూనే ఉంది. కరెంటు పోతే మనిషి మెట్ల మధ్య ఇరుక్కోకూడదని దానికి లోపల బ్యాటరీలు ఉంటాయి. నేను చదివిన పుస్తకంలో ఆ మాట లేదు.

గోడకు ఒళ్లు రాసుకుంటూ కుర్చీ వెనక నుంచి దిగాను. ముడి ఊడలేదు. పళ్లతో పీకాను. రబ్బరు తెగింది, మీట వెనక్కి కొట్టుకుంది, కుర్చీ ఆగింది. ఆవిడ తల మోకాళ్ల మీదికి వాలి ఉంది.

కాసేపటికి ఆవిడే తలెత్తారు. "చచ్చాననుకున్నావా?"

కత్తెరతో చీర కోసి, మీట నా చేత్తో పట్టుకుని పైకి తెచ్చాను. నడుము చుట్టూ వాత తేలింది. "ఇంక నేను దిగనే. నన్నడక్కు," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మళ్లీ కిందకి వెళ్లే దారిని నేనే మూసేశానన్న భయం ఆ వారమంతా నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం నుంచి పిట్టగోడ దగ్గరకూ వెళ్లలేదు ఆవిడ.

మెకానిక్ వచ్చాక దాచకుండా చెప్పాను. "భయమేస్తే మనిషికి ముందు చెయ్యే లేస్తదక్కా. అందుకే చెయ్యి తీస్తే ఆగేట్టు పెడతారు," అన్నాడు.

అతను తెచ్చింది అరచేయంత చెక్కపలక. కింద స్ప్రింగు. వేళ్లతో పనిలేదు, ముంజేయి బరువు మోపితే చాలు. పట్టా వైపు సందు మూస్తూ రేకు కూడా బిగించాడు.

"నైటీ వేసుకుంటే భయమే ఉండదు పెద్దమ్మా."

"నైటీతో వీధరుగు మీదికా? పోరా, నా పరువు కూడా దింపేట్టున్నావు."

అంటే దిగుతారన్నమాట! నాచేత కుచ్చిళ్లు పైకి దోపించుకుని, ఒళ్లో తువ్వాలు బిగించి కట్టించుకున్నారు. "కుర్చీని మాత్రం నువ్వు ముట్టుకోకు," అని నాకు గట్టిగా చెప్పారు.

పలక మీద ముంజేయి ఆనించారు. కుర్చీ కదిలింది. రెండో మెట్టు దగ్గర చెయ్యెత్తారు, ఆగింది. మళ్లీ ఆనించారు. నాలుగో మెట్టు దగ్గర ఎత్తారు, ఆగింది. ఏడో మెట్టు దగ్గర మరోసారి చెయ్యెత్తి, అలాగే గాలిలో ఉంచారు. పైనుంచి నాకు ఆవిడ ముఖం కనిపించడం లేదు. కింద అరుగు మీద ఎవరో ఎవరి కోడలి గురించో మొదలుపెట్టారు.

వదినగారు ముంజేయి పలక మీదికి దించారు.