పానాకు బదులు ఇచ్చిన ఫోను

మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. మా తాతది ఏలుముద్ర, మా నాయినది ఏడో తరగతి, నాది బీఎస్సీ కంప్యూటర్స్. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరది, మీరే జెర ఓపిక వట్టాలె. గా చదువు మీదనే సుల్తాన్‌పూర్ల ఆసుపత్రి సామాన్లు చేసే కంపెనీల ఐటీ సపోర్ట్ నౌకరి వచ్చింది. ఇంటర్వ్యూ అయినప్పటికెల్లి, ఇంత పెద్ద ముచ్చట వస్తే మా నాయినకు ఎట్ల చెప్పాల్నో వారం దినాలు మనసుల మనసుల అనుకున్న. చెప్పే టైమొచ్చేసరికి అది ఇంకో తీరుగ బయటికొచ్చింది.

మా నాయినకు పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాల చిన్న షెడ్డుంది. రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లు. ఆసుపత్రి మంచాల చక్రాలకు పిన్నులు, బుష్షులు చేసిస్తడు. డ్రాయింగులు మెయిల్ల వస్తయి, కొటేషన్లు మెయిల్లనే పోతయి. ఓ మూలకు రేకుల రూముల కంప్యూటరుంటది. దాని మీద ఇనుప దుమ్ము పడకుండ నాయిన పాత తువ్వాల కప్పుతడు. నేను ఇంటర్ల ఉన్నప్పుడు షెడ్డుకు మెయిల్ తెరిచిన. ఇల్లు మొత్తానికి గదొక్కటే. నా పరీక్ష ఫారాలల్ల గదే రాసిన, నౌకరికి గదే ఇచ్చిన.

ఇంకొకాయన గురించి చెప్పాలె. నేను కాక అంట. మాకు రక్త సంబంధం లేదు, అయినా నాయినను 'అన్నా' అంటడు, నాయిన ఆయనను 'తమ్మీ' అంటడు. నేను పుట్టకముందుకెల్లి మా షెడ్డుల పనిచేసిండు. నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు మైక్రోమీటర్ చూసుడు నేర్పింది ఆయనే. నా వెంట్రుకనే పెట్టి కొలిపిచ్చిండు. "చూడు బిడ్డా, నీ వెంట్రుక గూడ నంబర్ల దొరుకుతది" అన్నడు. నాకు లెక్కలు, కంప్యూటర్లు ఇష్టమైంది గాడికెల్లే అనుకుంట.

రెండేండ్ల కింద కాక భానూర్ దిక్కు సొంతం షెడ్డు పెట్టుకున్నడు. మా షెడ్లల్ల ఒక రివాజుంది. పనోడు సొంతంగ పెట్టుకోవోతుంటే, పాత షేటు షెడ్డులకెల్లి ఒక సామాను చేతికిచ్చి పంపుతడు. కొత్తది కొనియ్యొద్దు, వాడిన సామానే ఇయ్యాలె. కొత్త షెడ్డుల మొదటి పని దాంతోనే షురూ చెయ్యాలె. మా నాయినకు ఆయన ఉస్తాద్ ఇచ్చిన నట్లు బిగిచ్చే పానా ఇప్పటికి గోడ మేకుకు ఏలాడుతది, దాన్ని ఎవ్వల ముట్టనియ్యడు.

కాక పోయేటప్పుడు నాయిన శానా సేపు ఆలోచించిండు. "వానికి పానా ఎందుకే? డ్రాయింగులు తెప్పిచ్చుడు, పార్టీలతోని మాట్లాడుడు, వాని పనంత ఫోన్లనే నడిచింది" అన్నడు. కాక వాడే షెడ్డు ఫోనుకు బొట్టు వెట్టి కాక చేతుల వెట్టిండు. దానికి కొత్త గ్లాసు ఏపిచ్చి తుడిచిచ్చింది నేను.

"నంబర్లు పోకుండ చూడు బిడ్డా" అన్నడు కాక.

"ఒక్కటి గూడ పోదు కాకా" అన్న.

గప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఫోను ఇంకొకలకు ఇచ్చే ముందర దాంట్లున్నదంత చెరిపెయ్యాలె, గదాన్ని ఫ్యాక్టరీ రీసెట్ అంటరు, అని పరీక్షల రాసిన. మార్కులు గూడ మంచిగనే వడ్డయి. ఇంట్ల మాత్రం గది యాదికి రాలే. కాక దగ్గర మాకేం దాపరికం?

కాక పోయినంక మూడు పనులు మా చేతులకెల్లి జారి ఆయన షెడ్డుకు పోయినయి. ప్రతిసారి మేమిచ్చిన రేటు కన్న గింతంత తక్కువ. నాయినకు కోపం రాలే. ఎవలన్న అడిగితే, "వాని అందాజ గట్లుంటది. నేను నేర్పిన్నే గదా" అని నవ్వేటోడు. గర్వంగ చెప్పేటోడు గా మాట.

ఇగ గా దినం. పగటీలి అన్నం తిన్నంక నేను కంప్యూటర్ ముందట కూసున్న. సుల్తాన్‌పూర్ల ఇంకో పార్టీకి ఏడాది పని కొటేషన్ ఐదు గంటల్లోపు పంపాలె. నాయిన చెప్పింది టైపు కొట్టి పెట్టిన, అది ఇంక డ్రాఫ్ట్‌ల ఉంది. ఈ పని దొరికితే రెండో లేత్‌కు మనిషిని పెట్టుకోవచ్చు, లేకపోతే ఆ మిషన్ అమ్ముకునుడే. గప్పుడే మెయిల్ల పైన నా ఆఫర్ లెటర్ దిగింది. నా పేరు, నా నౌకరి, సుల్తాన్‌పూర్. నాలుగుసార్లు చదివిన. ప్రింట్ తీసి చేతుల పట్టుకొని లేత్ కాడికి ఉరికిన.

నాయిన కట్ మీదున్నడు, ఇనుము చెక్కుతుండె. మా షెడ్డుల కట్ నడుస్తుంటే మనిషిని పిలువొద్దు. చెయ్యి ఒణికితే మిషన్ మీదున్న ముక్క ఖరాబైతది. నేను ఎనుక నిలవడ్డ. కాయితం ఎనుక దాచిన, నవ్వు మాత్రం దాగుతలేదు. పది నిమిషాలు గట్లనే ఉన్న. ఇంతల నా ఫోన్ మోగింది. కాక.

మిషన్ సప్పుడుకు బయటికొచ్చి ఎత్తిన.

"కంగ్రాట్స్ బిడ్డా! సుల్తాన్‌పూర్ల నౌకరంట గదా! మన షెడ్డు పిల్ల కంపెనీల కూసుంటదంటే మాటలా!"

ఒక్క గడియ నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ నౌకరి గురించి మొదట మెచ్చుకున్న మనిషి కాకనే. ఆ తర్వాత చేతులున్న కాయితం దిక్కు చూసిన, అది ఇంక నాయినకే చూపియ్యలే.

"నీకెట్ల ఎర్క కాకా?"

"ఎట్లంటే..." అన్నడు. తర్వాత నవ్విండు. "మీ నాయిన చెప్పిండే. ఇప్పుడే ఫోన్ చేసిండు."

నేను తలుపులకెల్లి లోపటికి చూసిన. నాయిన అటు తిరిగి లేత్ మీదికి ఒంగి ఉన్నడు. ఆయన ఫోను తువ్వాల పక్కన టేబుల్ మీదుంది.

"సరే కాకా" అని పెట్టేసిన.

కట్ అయినంక నాయిన మిషన్ బంద్ చేసి చూసిండు. "ఏందే, గట్ల నిలవడ్డవ్?"

"కాకకు ఇప్పుడు ఫోన్ చేసినవా?"

"చేతులు చూడు ఎట్లున్నయో. ఎట్ల చేస్త? ఏమైంది?"

నా నౌకరి ముచ్చట గట్ల చెప్పాల్సి వచ్చింది. నాకు నౌకరొచ్చింది నాయినా, నీకన్న ముందు కాకకు తెల్సింది, నువ్వు చెప్పినవని అబద్ధమాడిండు, అని. పోలీసోళ్లకు చెప్పినట్టు చెప్పిన. నాయిన మొఖంల సంతోషం గింత లేచింది, మల్ల పడిపోయింది.

కంప్యూటర్ల మెయిల్ సెట్టింగులకు పోయి, ఈ మెయిల్ యాడ యాడ తెరిచి ఉందో చూపిచ్చే జాగ తెరిచిన. మూడు ఉన్నయి. షెడ్డు కంప్యూటర్, నా ఫోన్, మూడోది మేం బొట్టు వెట్టిచ్చిన ఫోన్. పక్కన రాసుంది: ఇరువై నిమిషాల కింద వాడిన్రు.

"హ్యాకింగ్ అంటరు గదా టీవీల, గదేనా ఇది?" అన్నడు నాయిన.

"కాదు. హ్యాకింగ్ అంటే తాళం పలగ్గొట్టి వచ్చుడు. ఇది మనమే లోపల కూసోవెట్టుడు."

"షట్టర్ తాళంచెయ్యి వాపస్ తీస్కున్న గదనే వాని దగ్గర."

"మనిషి లోపల్నే ఉన్నడు నాయినా. మనం బయటికెల్లి తాళమేసి తాళంచెయ్యి జేబుల వెట్టుకున్నం. లాగిన్ అంటే లోపటికి వచ్చుడు. లాగౌట్ అంటే బయటికి పోవుడు. కాక రెండేండ్లకెల్లి బయటికే పోలే."

నాయిన గా మూడో పేరు మీద ఏలు పెట్టి చూసిండు. తర్వాత కాక దిక్కే మాట్లాడిండు. "ఫోన్ల కనవడ్తది. కనవడ్డది చూస్తడు. కండ్లు మూస్కుంటడా? చూసినోడల్లా దొంగైతడా?"

కనవడుడు వేరు, తెరుసుడు వేరు. చదవని మెయిల్ దొడ్డు అక్షరాలల్ల ఉంటది, ఎవలన్న తెరిస్తే సన్నగయితది. శానా దినాలకెల్లి డ్రాయింగులు నేను చూసేసరికే సన్నగ ఉంటున్నయి. "డ్రాయింగులు నువ్వు తెరుస్తున్నవనుకున్న నాయినా" అన్న.

"నేనెన్నడు తెరిచిన? నువ్వు తెరుస్తున్నవనుకున్న" అన్నడు నాయిన.

"ఈ కొటేషన్ డ్రాఫ్ట్ గూడ గా ఫోన్ల కనవడ్తది. పోయిన మూడు గూడ కనవడ్డయి."

నాయిన గోడకున్న పానా దిక్కు చూసిండు. తర్వాత చేతులు బట్టకు తుడుసుకొని, "ఏది వత్తాలె?" అన్నడు. నేను చూపిచ్చిన. తుడిచినా పోని నూనె ఏలుతోని మౌస్ ఆయనే వత్తిండు. మూడో పేరు పోయింది. పాస్‌వర్డ్ మార్చిన. ఇగ కొత్తగ ఎవలు తెరువాలన్నా నాయిన ఫోనుకు నంబర్ వచ్చేటట్టు టూ స్టెప్ పెట్టిన. "రెండు తాళాలు నాయినా, రెండోది నీ జేబుల ఉంటది" అన్న. లోపట రేట్లు మొత్తం మల్ల చూసి, నాయిన కొత్తగ చెప్పింది కొట్టి పంపిన.

నాలుగున్నరకు నా ఫోన్ మోగింది. నాయిన పక్కనే ఉన్నడు, స్పీకర్ పెట్టిన.

"బిడ్డా, మెయిల్ ఓపెన్ అయితలేదే. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఏం కొట్టాలె?"

ఎన్నేండ్లకెల్లో ఫోన్ల ఏమైనా నన్నే అడుగుతడు, గా అలవాటుతోని అడిగిండు. అడిగినంక ఆయన మాట ఆయనకే ఇనవడ్డట్టుంది.

నాయిన ఫోన్ దగ్గరికి ఒంగిండు. "తమ్మీ, నీకు నేను పానానే ఇస్తె అయిపోతుండె."

"అన్నా, నేను మొదాలు కావాలని..." అన్నడు కాక. మొదాలు అన్నడు. తర్వాత సంగతి అనలే. నాయిన ఏలుతోని ఎర్ర బటన్ వత్తిండు.

ఆ ఏడాది పని మాకే వచ్చింది. వచ్చినంక నాయిన స్వీట్లు పంచలే. పోయిన మూడు పనులు ఎట్ల పోయినయో పక్కాగ తెల్సింది గీ పని వచ్చుడుతోనే. "అందాజ" అని గర్వంగ చెప్పుకున్న మాట ఇప్పుడు ఎవ్వలన్న ఎత్తితే లేచి లేత్ కాడికి పోతడు. ఇప్పుడు పక్క షెడ్లోళ్లు నన్ను పిలిచి ఫిషింగ్ అంటే ఏంది, బ్యాకప్ అంటే ఏంది అని అడుగుతరు. పౌడర్ కోటింగ్ షెడ్డు చాచా అయితే, "బేటీ, చోర్ కా నామ్ ఇంగ్లీష్‌ల ఉంటే డర్ జ్యాదా అయితది" అంటడు, దొంగ పేరు ఇంగ్లీష్‌ల ఉంటే భయం ఎక్కువని. అన్ని చెప్త. దొంగ మెయిళ్లు, ఎర లింకులు, కాపీ తీసి పక్కకు పెట్టుడు. కానీ మొదాలు అడిగేది ఒక్కటే: మీ దగ్గరికెల్లి పోయినోళ్లు ఎవలు, వాళ్ల ఫోన్లల్ల మీది ఏం తెరిచి ఉంది? వాళ్లు నవ్వుతరు. మనోడే గదా అంటరు.

గా దినం సాయంత్రం షట్టర్ ఏసే ముందర నాయిన స్టూలు జరుపుకొని నా ముందట కూసున్నడు. నా కాయితం టేబుల్ మీద ఉండె, దాని మీద నూనె మరక వడ్డది.

"ఇగ చెప్పు" అన్నడు.

"ఏం చెప్పాలె? తెల్సిపాయె గద నీకు."

"నాకేం తెల్వది. గా ఫోన్ల ముచ్చట నేను ఇనలే. నువ్వు పగటీలికెల్లి ఏదో చెప్పాల్నని తిరుగుతున్నవ్. కట్ అయిపోయింది, మిషన్ బందుంది. చెప్పు బిడ్డా."

నేను లేచి నిలవడ్డ. కాయితం ఎనుక దాచుకున్న. "నాయినా, నాకు నౌకరొచ్చింది" అన్న. ఆయన మొదటిసారి ఇన్నట్టే లేచి, నా చేతులకెల్లి కాయితం తీస్కొని, తలకిందులు పట్టుకొని చదివిండు.